ముప్పై తొమ్మిదో ర్యాంకు లోపల ఏముంది?

(తిరుపతిలో ఎకనామిక్స్, కామర్స్, టూరిజం పీజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం ఇది. చివర్లో జరిగిన ప్రశ్నోత్తరాలు కొన్ని కలిపాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? ఫ్యాను మోత ఎక్కువగా ఉంది. వినబడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

ప్రపంచ ఆర్థిక వేదిక అని ఒక సంస్థ ఉంది. జనవరిలో దావోస్‌లో సమావేశాలు పెట్టి మన నాయకులందర్నీ మంచులో ఫొటోలు దిగేలా చేస్తుందే, అదే. (నవ్వులు) ఆ సంస్థ పర్యాటకంలో దేశాలకు ర్యాంకులు ఇస్తుంది. 2021 సూచీ పేరుతో 2022 మేలో వచ్చిన నివేదికలో 117 దేశాల్లో మనది 54. 2024లో వచ్చినదాంట్లో 119 దేశాల్లో 39. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఎవరైనా ఏమంటారు? పదిహేను మెట్లు ఎక్కామంటారు.

అయితే 2024 నివేదిక తయారుచేసేటప్పుడు వాళ్లు కొలిచే పద్ధతి మార్చారు. మార్చిన పద్ధతితోనే 2021ని కూడా తిరిగి లెక్కగట్టారు. ఆ లెక్కలో 2021లో మన స్థానం 54 కాదు, 38. అంటే మనం 38 నుంచి 39కి వచ్చాం. ఒక మెట్టు దిగాం.

ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. 54 నిజమే, 38 నిజమే, 39 కూడా నిజమే. దేశం అదే, ఏడాది అదే, స్థానాల్లో మాత్రం పదహారు మెట్ల తేడా. ఎకనామిక్స్ చదివేవాళ్లకు ఇక్కడ అనుమానం రావాలి. థర్మామీటరు మార్చగానే జ్వరం తగ్గిందంటే డాక్టరు ఒప్పుకుంటాడా?

ఇంకొకటి చూడండి. ఇదే సంస్థ 2019లో ఇచ్చిన పాత సూచీలో ప్రకృతి వనరుల విభాగంలో మన స్థానం 14. 2024లో అదే విభాగంలో 6. ఈ అయిదేళ్లలో మనకు కొత్త కొండలు పుట్టలేదు. శేషాచలం అక్కడే ఉంది. మారింది కొలబద్ద.

ఇవాళ నేను చెప్పదలుచుకున్న మాట ఒకటే. ఈ సూచీలు దేశానికి పుట్టుకతో వచ్చినదాన్నీ, దేశం కష్టపడి చేసుకున్నదాన్నీ ఒకే తక్కెడలో వేసి తూస్తాయి. కొండ, అడవి, గుడి, నేల, ఎండ పుట్టుకతో వచ్చినవి. రోడ్డు, మరుగుదొడ్డి, వీసా, రేవు, ఫ్యాక్టరీ చేసుకున్నవి. రెండూ కలిపి సగటు తీశాక, మనకు తెలియాల్సిన ఒకే ఒక్క కబురు ఆ సగటులో మునిగిపోతుంది. పర్యాటకంలో జరిగేదే ఎగుమతుల లెక్కల్లోనూ జరుగుతుంది. అందుకే రెండూ కలిపి మాట్లాడుతున్నాను.

ముందు ఆ సూచీ ఎలా కడతారో చూద్దాం. 2024 సూచీలో 102 సూచికలున్నాయి. వాటిని 17 స్తంభాలుగా సర్దారు. విమానాలు, రోడ్లు, భద్రత, ఆరోగ్యం, ధరలు, ప్రకృతి, సంస్కృతి, ఇలా. ప్రతి సూచికలోనూ అట్టడుగున ఉన్న దేశానికి 1, అందరికంటే పైనున్న దేశానికి 7. మిగతావాళ్లు ఆ రెండింటి నుంచి ఎంత దూరంలో ఉంటే అంత మార్కు. ఆపైన సాదా సగటు. చూశారా, మన మార్కు పూర్తిగా మన చేతుల్లో ఉండదు. మనం ఒక్క పనీ చేయకుండా కూర్చున్నా, మనకంటే అధ్వానంగా ఉన్న దేశం ఒకటి కొత్తగా జాబితాలో చేరితే మన మార్కు పెరుగుతుంది. సూచికల్లో కొన్ని ఏ దేశానికాదేశం కంపెనీల ఎగ్జిక్యూటివులను అడిగి తెచ్చిన అభిప్రాయాలు. ఒక దేశం వ్యాపారి తన దేశం రోడ్లకు ఏడుకు అయిదు వేస్తాడు, ఇంకో దేశం వ్యాపారి అంతకంటే మంచి రోడ్డు మీద నడుస్తూ నాలుగు వేస్తాడు. వాళ్లిద్దరూ ఎప్పుడూ ఒకరి రోడ్డు మీద ఒకరు నడిచి ఉండరు.

ఇప్పుడు మన మార్కుల షీటు విప్పుదాం. 2024లో ప్రకృతి వనరుల్లో 6, సాంస్కృతిక వనరుల్లో 9, విహారం కాని పనుల మీద జనాన్ని రప్పించే వనరుల్లో, అంటే పెద్ద కంపెనీలు, యూనివర్సిటీలు, నగరాలు వగైరాల్లో 9. ఈ మూడింట్లోనూ మొదటి పదిలో ఉన్న దేశాలు ప్రపంచం మొత్తం మీద మూడంటే మూడే. అందులో మనం ఒకళ్లం. మరి మొత్తం మీద 39కి ఎలా పడిపోయాం? దీనికి 2019 షీటు ఇంకా సూటిగా జవాబు చెబుతుంది. అప్పుడు 140 దేశాల్లో మొత్తం ర్యాంకు 34, సంస్కృతిలో 8. పర్యాటకులకు కావాల్సిన సేవల ఏర్పాట్లలో 109. పర్యావరణాన్ని నిలబెట్టుకోవడంలో 128.

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత ఎనిమిదికీ నూటతొమ్మిదికీ మధ్య కూర్చుని ఉంది. 34 అన్న అంకెలో ఇదెక్కడైనా కనబడుతుందా? స్విట్జర్లాండుకూ ఆల్ప్స్ పుట్టుకతోనే వచ్చాయి. కానీ 2007లో ఈ సూచీ మొట్టమొదట వచ్చినప్పుడు ఆ దేశం మొదటి స్థానంలో నిలిచింది కొండల వల్లనే కాదు, ఆ కొండల్లోకి టైముకు వెళ్లే రైలు వల్ల కూడా.

సాంస్కృతిక వనరులంటే ఏం లెక్కపెడతారని మీకు అనుమానం రావాలి. యునెస్కో జాబితాలో ఎక్కిన స్థలాలు ఎన్ని, పెద్ద క్రీడా మైదానాలు ఎన్ని, ఆ దేశం సంస్కృతి గురించి ఇంటర్నెట్టులో ఎంతమంది వెతుకుతున్నారు, ఇలాంటివి. మన దేశానికి యునెస్కో వారసత్వ స్థలాలు 44. వాటిలో తిరుమల లేదు. 2025లో తిరుమల కొండలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అదీ గుడి పేరు మీద కాదు, రాళ్ల పేరు మీద. శిలాతోరణం, ఘాట్ రోడ్డు పక్కన పొరలు పొరలుగా కనబడే ఆ పురాతన శిలలు, వాటి కోసం ప్రకృతి వారసత్వం కింద. రోజుకు అరవై, డెబ్భై వేల మంది దేనికోసం కొండెక్కుతున్నారో ఆ జాబితాకు పట్టదు. ఆ జాబితాను నేను తప్పుపట్టడం లేదు. దానికి దాని నిబంధనలున్నాయి. ఆ జాబితాను తెచ్చి పర్యాటక బలానికి కొలతగా వాడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలంటున్నాను.

ఇక మనుషుల్ని లెక్కపెట్టే పని. ఇది తేలికనుకుంటాం. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో పక్కపక్కన కూర్చున్న అన్నదమ్ముల్ని ఊహించుకోండి. ఇద్దరూ డల్లాస్ నుంచి ఒకే విమానంలో వచ్చారు. పెద్దాయనకు అమెరికా పాస్‌పోర్టు వచ్చింది, చిన్నాయన ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉన్నాడు. మన ప్రభుత్వ లెక్కల్లో పెద్దాయన విదేశీ పర్యాటకుడు. చిన్నాయన ప్రవాస భారతీయుడు, ఆయన లెక్క వేరే. ఖర్చు ఇద్దరిదీ డాలర్లే, మొక్కు ఒకటే. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ నిర్వచనమేమో పాస్‌పోర్టు చూడమనదు, మనిషి ఎక్కడ నివసిస్తున్నాడో చూడమంటుంది. ఆ ప్రకారం ఇద్దరూ పర్యాటకులే. 2014 నుంచి మనవాళ్లు ప్రవాసులను కూడా కలిపి అంతర్జాతీయ పర్యాటకుల అంకె విడిగా ఇస్తున్నారు. 2019లో విదేశీయులు మాత్రమే అయితే సుమారు 1.09 కోట్లు, ప్రవాసుల్ని కలిపితే 1.79 కోట్లు. ఏ అంకె పట్టుకుని ప్రపంచంలో మన స్థానం చూస్తారో దాన్ని బట్టి మనం చిన్నా, పెద్దా అవుతాం.

ఆ నిర్వచనంలోనే ఇంకో షరతుంది. కనీసం ఒక రాత్రి గడిపితేనే పర్యాటకుడు. చెన్నైలో తెల్లారకముందే బస్సెక్కి, దర్శనం చేసుకుని, లడ్డూ సంచితో రాత్రికి ఇల్లు చేరేవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్లు పర్యాటకులు కారు, ఒకరోజు సందర్శకులు. పట్టణానికి చెత్త, ట్రాఫిక్, నీళ్ల ఖర్చు అందరితో సమానంగా తెస్తారు. హోటల్ గదులకు మాత్రం రూపాయి రాదు.

దేశీయ లెక్క ఇంకో రకం. 2022లో దేశంలో పర్యాటక సందర్శనలు 173 కోట్లు. జనాభా కంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌కు 19 కోట్ల పైచిలుకు, ఉత్తరప్రదేశ్, తమిళనాడు తర్వాత మనదే. ఇవి మనుషులు కారు, సందర్శనలు. ఒకే కుటుంబం కాణిపాకంలో ఒకసారి, శ్రీకాళహస్తిలో ఒకసారి లెక్కలోకి ఎక్కవచ్చు. అయినా ఇంత జనం కదులుతున్న దేశాన్ని దాదాపు కోటిమంది విదేశీయుల అంకెతో తూచడం ఎంతవరకు సబబు? ఫ్రాన్సును తీసుకోండి. మనుషుల తలలు లెక్కపెడితే ప్రపంచంలో మొదటిది ఫ్రాన్స్, ఏడాదికి పది కోట్ల మంది. డబ్బు లెక్కపెడితే మొదటిది అమెరికా. ఫ్రాన్సులో దిగేవాళ్లలో చాలామంది పక్క దేశాల నుంచి కారేసుకుని వచ్చేవాళ్లు, కొందరు స్పెయిన్‌కు పోతూ పోతూ ఒక రాత్రి ఆగేవాళ్లు. అమెరికా పోవాలంటే చాలామంది సముద్రం దాటాలి, దాటినవాడు రెండు వారాలు ఉండి వస్తాడు. పోటీలో ఎవరు గెలిచినట్టు? ప్రశ్న అడిగినవాడు ముందు తలలా, డాలర్లా, రాత్రులా తేల్చుకోవాలి.

డాలర్ల మాట వచ్చింది కాబట్టి వాణిజ్యంలోకి వెళ్దాం. టూరిజం విద్యార్థులు కొంచెం శ్రద్ధగా వినండి, మీ సబ్జెక్టు ఇక్కడ ఎగుమతి అయిపోతుంది. విదేశీయుడు గోవిందరాజస్వామి గుడి దగ్గర కాఫీ తాగితే అది భారతదేశపు ఎగుమతి. కప్పు ఇక్కడే ఉంది, కాఫీ ఇక్కడే చల్లారింది, ఓడ ఎక్కలేదు. కానీ డబ్బు బయటినుంచి వచ్చింది. దేశపు చెల్లింపుల ఖాతాలో ‘ప్రయాణం’ అనే పద్దులో సేవల ఎగుమతిగా రాస్తారు. వెల్లూరు ఆస్పత్రికి బంగ్లాదేశ్ నుంచి వచ్చే రోగి కట్టే బిల్లూ అంతే. మీ కజిన్ బ్యాంకాక్ పోయి ఖర్చుపెడితే అది దిగుమతి. విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే రిజర్వు బ్యాంకు పథకం కింద మనవాళ్లు 2023-24లో బయటికి పంపిన డాలర్లలో సగానికి పైగా ప్రయాణాలకే పోయాయి. పర్యాటక ర్యాంకుల మీద ఉపన్యాసాలిచ్చే మా తరం ఈ దిగుమతి గురించి ఎందుకో నోరెత్తదు. పిల్లల్ని చూడ్డానికి ఏటా పోయేది మేమే కాబట్టి అనుకుంటాను. (నవ్వులు)

వస్తువుల ఎగుమతిలో పోటీతత్వాన్ని కొలిచే సాధనం మీకు సిలబస్‌లో ఉంది. బేలా బలాషా అనే హంగేరీలో పుట్టిన ఆర్థికవేత్త 1965లో చెప్పిన సూత్రం, వెల్లడైన తులనాత్మక ప్రయోజనం. లెక్క చాలా తేలిక. ఊరికే అంకెలు అనుకుందాం. ఒక దేశం మొత్తం వంద రూపాయల ఎగుమతి చేస్తుంటే అందులో జుట్టు రెండు రూపాయలు. ప్రపంచం మొత్తం వెయ్యి రూపాయల ఎగుమతిలో జుట్టు అయిదు. మొదటిది రెండు శాతం, రెండోది అర శాతం. రెండుని అరతో భాగిస్తే నాలుగు. ఒకటి దాటితే ఆ వస్తువులో ఆ దేశానికి పట్టుందని అర్థం. తులనాత్మక ప్రయోజనం అంటే మిగతా వస్తువులతో పోలిస్తే దేశం ఏది తక్కువ వదులుకుని చేయగలదో ఆ బలం. ఆర్థికవేత్త రికార్డో 1817లో చెప్పిన ఈ బలాన్ని నేరుగా చూడలేం కాబట్టి, ఎగుమతుల్లో అది ఎలా బయటపడిందో చూసి పసిగట్టడం ఈ సూత్రం పని.

జుట్టు ఉదాహరణ ఎందుకు తీసుకున్నానో తిరుపతివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కల్యాణకట్టలో తీసిన తలనీలాలను పొడవును బట్టి గ్రేడ్లు చేసి, ఆన్‌లైన్‌లో వేలం వేస్తారు. ముడి జుట్టుకు ప్రపంచంలో మనదే పెద్ద చెయ్యి. కస్టమ్స్ పట్టికలో దాని నంబరు 0501. ఆ తర్వాతి నంబరు, 0502, పంది వెంట్రుకలది. ఆ పట్టిక రాసినవాళ్లకు మొక్కుబడులు తెలియవు, వదిలేయండి. శుభ్రం చేసి, దువ్వి, వరసలు పేర్చిన జుట్టు 6703. విగ్గు 6704. ఒకే జుట్టు మూడు నంబర్లలో ప్రయాణం చేస్తుంది. 0501లో బలాషా సూత్రం మనకు పెద్ద మార్కు ఇస్తుంది. 6704 దగ్గరికి వచ్చేసరికి ప్రపంచ మార్కెట్టు చైనాది. డబ్బున్నది అక్కడ.

మొక్కుకుని గుండు చేయించుకునే భక్తి మనకు వారసత్వం. దాన్ని విగ్గు చేసే పనితనం, డిజైను, అమ్మే నెట్‌వర్కు సంపాదన. సూత్రం మొదటిదానికీ మార్కు వేస్తుంది, రెండోదానికీ వేస్తుంది, రెండింటికీ తేడా చెప్పదు. ప్రభుత్వానికి తేడా అర్థమైంది. 2022 జనవరిలో ముడి జుట్టు ఎగుమతిని నియంత్రిత జాబితాలోకి తెచ్చింది. 2025 జనవరిలో కిలో 65 డాలర్లకు తక్కువ ధర చూపిస్తే ఎగుమతే కుదరదంది. తక్కువ రేటు రాసి, సరిహద్దులు దాటించి మయన్మార్, చైనాల వైపు పంపుతున్నారని ఏలూరు, చెన్నై వైపు జుట్టు శుద్ధి చేసే వ్యాపారులు చాలాకాలం మొత్తుకున్నారు. గమనించారా, దేశం తన పోటీతత్వ సూచీని తగ్గించే పని తనే చేసింది. ముడి జుట్టులో అంకె పడిపోవడం ఇక్కడ మంచి వార్త.

తోతాపురి మామిడి దగ్గరికి వద్దాం. ఇందాక చిత్తూరు నుంచి వచ్చామన్నారు కొందరు. ఎక్కడమ్మా, బంగారుపాళ్యమా? అయితే నాకంటే మీకే బాగా తెలుసు. జూన్‌లో కాయలు కొనే ర్యాంపుల దగ్గర ట్రాక్టర్లు ఎన్ని గంటలు నిలబడతాయో, ఫ్యాక్టరీ టోకెన్ కోసం ఎవర్ని పట్టుకోవాలో. కాయ లోపలికి పోతుంది, గుజ్జు బయటికొస్తుంది, క్రిములు చేరకుండా సీలు వేసిన సంచిలో నింపి, ఒక్కో డ్రమ్ములో 215 కిలోలు, కంటైనరెక్కి చెన్నై రేవుకు. అక్కడినుంచి గల్ఫ్ దేశాలకు, యూరప్‌కు. మామిడి గుజ్జులో చిత్తూరు, దాని పక్కనే కృష్ణగిరి, దేశంలో ముఖ్యమైన కేంద్రాలు. ఈ వస్తువులో మనకు పట్టుందా అని సూత్రాన్ని అడిగితే ఉందనే అంటుంది.

2025 సీజన్‌లో ఏం జరిగింది? అంతకుముందు ఏడాది గుజ్జు అమ్ముడుపోక నిల్వ ఉండిపోయిందన్నాయి ఫ్యాక్టరీలు. చివరికి ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం పైన 4 వేస్తుందని, మొత్తం 12 అని నిర్ణయించారు. ఆ 8 కూడా అందక కాయల్ని రోడ్డు పక్కన పారబోసిన రైతుల్ని చూశాం. ఎగుమతి వాటా లెక్కలో మనం గట్టివాళ్లమే. ఆ లెక్కలో రైతు లేడు. డ్రమ్ము మీద మన బ్రాండు లేదు, కొనేవాళ్లు కొద్దిమంది, రేటు వాళ్ల చేతిలో. వాటా ఎంత అన్న ప్రశ్నకే సూత్రం జవాబిస్తుంది. ఎవరి మాట చెల్లుతోంది అన్నది దాని పని కాదు.

తాజా మామిడి సంగతి మరీ విచిత్రం. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పండించేది మనం, ఏడాదికి రెండు కోట్ల టన్నులకు పైనే. తాజా పండుగా దేశం దాటేది అందులో ఒక శాతం కూడా ఉండదు. మెక్సికో మనకంటే ఎంతో తక్కువ పండించి, పక్కనే అమెరికా మార్కెట్టు ఉండటంతో ఎంతో ఎక్కువ అమ్ముకుంటుంది. సూత్రం దృష్టిలో మామిడిలో మెక్సికోది పైచేయి. ఎందుకంటే మన మామిడిని మనమే తినేస్తున్నాం. దేశీయ యాత్రికుల విషయంలో చూసిందే మళ్లీ వచ్చింది. సరిహద్దు దాటితేనే ఈ కొలతల కంటికి ఆనుతుంది.

పైగా ఆ నంబరు చూడండి. ప్రపంచమంతా వాడే ఆరంకెల పట్టికలో మామిడి విడిగా లేదు. 080450 అంటే జామ, మామిడి, మాంగోస్టీన్ మూడూ కలిపి. థాయిలాండ్ ఈ నంబరులో పెద్ద ఎగుమతిదారుగా కనిపిస్తుంది. అందులో పెద్ద భాగం చైనాకు వెళ్లే మాంగోస్టీన్. ఎవరైనా ఈ నంబరు పట్టుకుని మామిడిలో థాయిలాండ్ మనల్ని మించిపోయిందని పేపరు రాస్తే నవ్వుకోండి. ఇలాంటి పేపర్లు నేను పరీక్షకురాలిగా చదివాను. (నవ్వులు)

ఇప్పుడు రేణిగుంట వైపు వెళ్దాం. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాయి. ఫోన్లు, టీవీలు బిగిస్తారు. వీటి ఎగుమతి పెరిగితే మన పోటీతత్వం పెరిగినట్టేనా? 2010లో ఇద్దరు పరిశోధకులు ఐఫోన్ 3జీని విప్పి లెక్క చెప్పారు. తయారీ ఖర్చు 179 డాలర్లు. చైనా ఎగుమతి ఖాతాలో పడింది ఆ మొత్తమే. చైనాలో బిగించినందుకు దానికి మిగిలింది 6.50 డాలర్లు. మిగతాది జపాన్, కొరియా, జర్మనీ, అమెరికా లాంటి దేశాల విడిభాగాలది. అప్పటినుంచి చైనా ఆ విడిభాగాల్లో చాలావరకు తనే చేసుకునే స్థితికి ఎదిగింది, అది వేరే కథ. కానీ బిగింపుతో మొదలుపెట్టడం తప్పు కాదని కూడా అదే కథ చెబుతుంది. మన దగ్గరి పారిశ్రామిక వాడ శ్రీసిటీలో తయారైన మెట్రో రైలు పెట్టెలు సిడ్నీకి వెళ్లాయి. ఆ పెట్టెలో మన పని ఎంత, దిగుమతి ఎంత అని అడగాలి. అందుకోసమే ఓఈసీడీ అనే ఎక్కువగా సంపన్న దేశాలున్న సంస్థ, ప్రపంచ వాణిజ్య సంస్థ కలిసి అదనపు విలువను బట్టి వాణిజ్యాన్ని కొలిచే లెక్కలు పెట్టాయి. ప్రాజెక్టు చేసేవాళ్లు అక్కడికి వెళ్లండి.

లెక్కల్లోకే రాని వాణిజ్యం ఒకటుంది. శేషాచలం చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగని చెట్టు. ఎర్రచందనం. దాని మార్కెట్టు బయటే ఉంది. ప్రభుత్వం పట్టుకున్న దుంగల్ని వేలం వేసి అనుమతితో పంపేది, సొంత భూముల్లో పెంచి అనుమతితో పంపేది తప్ప మిగతాదంతా నిషేధం. కాబట్టి ఎగుమతి పట్టికలో అది అప్పుడప్పుడు కనిపించే చిన్న అంకె. పోలీసు రికార్డుల్లో పెద్ద అంకె. వెల్లడైన ప్రయోజనం అంటాం కదా, వెల్లడి కానిది ఇదిగో ఇలా ఉంటుంది.

రేవుల మాట క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. సరుకు రవాణా పనితీరు మీద ప్రపంచ బ్యాంకు ఇచ్చే సూచీలో 2014లో మనది 54, 2018లో 44, 2023లో 139 దేశాల్లో 38. అదే 2023 నివేదికలో కంటైనరు రేవులో ఎన్ని రోజులు ఆగుతుందో అసలు కదలికల్ని ట్రాక్ చేసి చూశారు. మన దగ్గర మూడు రోజుల లోపే. అమెరికాలో ఏడు. జర్మనీలో పది. అయినా మొత్తం ర్యాంకులో జర్మనీ మనకంటే ఎంతో పైన. కొంత ఎందుకంటే మొత్తం ర్యాంకు ప్రధానంగా రవాణా వ్యాపారుల అభిప్రాయాల మీద నడుస్తుంది. మంచిపేరు ఆలస్యంగా వస్తుంది, చెడ్డపేరు ఆలస్యంగా పోతుంది.

ఇంకొక హెచ్చరిక. ఇదే ప్రపంచ బ్యాంకు వ్యాపార సౌలభ్యం ర్యాంకులు ఇచ్చేది. మనం 142 నుంచి 63కి వచ్చామని ఎంత సంబరపడ్డామో మీకు గుర్తుండాలి. కొన్ని దేశాల అంకెల్లో, చైనా, సౌదీ లాంటివాటిలో, అవకతవకలు జరిగాయని తేలి 2021 సెప్టెంబరులో ఆ నివేదికనే మూసేశారు. పరీక్షలో మార్కుల కోసం చదివే పిల్లలుంటారు, ర్యాంకుల కోసం చట్టాలు సర్దే ప్రభుత్వాలుంటాయి. పేపరు దిద్దేవాడి మీద ఒత్తిడి తెచ్చేవాళ్లూ ఉంటారు.

అసలు దేశాలు కంపెనీల్లా పోటీపడతాయన్న మాటే తప్పని అమెరికా ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ 1994లో గట్టిగా వాదించాడు. కంపెనీ నష్టపోతే మూతపడుతుంది, దేశం మూతపడదు. ఒక దేశం బాగుపడితే పక్క దేశానికి కొనేవాడు దొరుకుతాడు. నేను ఆయనతో సగమే ఏకీభవిస్తాను. సింగపూర్ వెళ్లాలా, కేరళ రావాలా అని ఆలోచించే యాత్రికుడికి రెండు వారాల సెలవే ఉంటుంది. అక్కడ పోటీ నిజమే.

చవకదనం గురించి చెప్పి ముగిస్తాను. ఈ సూచీల్లో ధరల పోటీతత్వం ఒక స్తంభం. చవకైతే ఎక్కువ మార్కులు. 2019లో ఆ స్తంభంలో ప్రపంచంలో మొదటి స్థానం ఇరాన్‌ది. వాళ్ల కరెన్సీ కుప్పకూలింది, పెట్రోలు చవక, అందుకని. హోటల్లో గది ఊడ్చేవాళ్ల జీతం తక్కువగా ఉంటే దేశం మార్కు పెరిగే స్తంభం ఇది. భూటాన్ దీనికి పూర్తిగా ఎదురు నడుస్తుంది. విదేశీయుడు రాత్రికి వంద డాలర్లు ప్రభుత్వానికి కట్టాలి, మనబోటి భారతీయులైతే 1,200 రూపాయలు. వెనిస్ 2024లో రద్దీ రోజుల్లో ఒక్కరోజు వచ్చిపోయేవాళ్ల దగ్గర 5 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టింది. వీళ్లు ధరల స్తంభంలో మార్కులు కావాలనే పోగొట్టుకుంటున్నారు. తెలివితక్కువవాళ్లా? వాళ్లకు ఎవరు, ఎంతమంది కావాలో తేల్చుకున్నారు, అంతే.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, అయితే ఈ ర్యాంకులు పట్టించుకోవద్దంటారా?

ర్యాంకును వదిలేసి స్తంభాలు చూడమంటాను. ఒకే నివేదికలో, ఒకే పద్ధతిలో, మన 8 ఎందుకు ఎనిమిది, మన 109 ఎందుకు నూటతొమ్మిది అని చూడండి. రెండు వేర్వేరు ఏళ్ల నివేదికల్ని పక్కపక్కన పెట్టేముందు పద్ధతి మారిందా అని వెనక అనుబంధం చదవండి. ఆ పేజీలు ఎవరూ చదవరు. విలేకరులు అసలే చదవరు. ఇక్కడ ఎవరైనా విలేకరులుంటే క్షమించాలి. (నవ్వులు)

ప్రశ్న: పుట్టుకతో వచ్చింది, చేసుకున్నది అని విడదీశారు. గుడి పూర్వీకులు కట్టిందే కదా, అది చేసుకున్నది కాదా?

మంచి ప్రశ్న నాయనా. కట్టినవాళ్లకు అది సంపాదన, మనకు వారసత్వం. మనం చేసుకున్నది వేరే ఉంది. ఇంతమందిని రోజూ క్యూలో నిలబెట్టి, అన్నం పెట్టి, తొక్కిసలాట లేకుండా పంపే పద్ధతి ఈ కాలం పని. అది ఏ రోజు ఎంత బాగా జరిగింది, ఎక్కడ తప్పింది అని కొలవవచ్చు. ఏ అంతర్జాతీయ సూచీలోనూ దానికి గడి లేదు. సత్రంలో ఉచితంగా పడుకున్నవాడిని హోటల్ గదుల లెక్కలో ఎక్కడ రాయాలి? మీలో ఎవరైనా పీహెచ్‌డీ చేయాలనుకుంటే ఇక్కడే మొదలుపెట్టండి.

ప్రశ్న: తిరుపతి వరకే చిన్న సర్వే చేయాలంటే ఏం అడగాలి?

నాలుగు చాలు. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎన్ని రాత్రులు ఉంటున్నారు, కొండ మీద కాకుండా కింద ఎంత ఖర్చుపెట్టారు, దర్శనం అయ్యాక ఇంకెక్కడికి వెళ్తున్నారు. మూడోది అడిగేటప్పుడు మొత్తం అడగొద్దు, ఎవరూ సరిగ్గా చెప్పలేరు. తిండికి ఎంత, గదికి ఎంత, ఆటోకు ఎంత, బజారులో ఎంత అని విడివిడిగా అడగండి. దర్శనానికి ముందు అడగొద్దు, టెన్షన్‌లో ఉంటారు. బస్టాండులో, రైల్వే స్టేషన్లో తిరుగు ప్రయాణానికి కూర్చున్నప్పుడు పట్టుకోండి. ఫారాలు తెలుగులో మాత్రమే అచ్చేయించకండి, తమిళంలో, కన్నడలో కూడా కావాలి. శని, ఆదివారాలతో పాటు ఒక మంగళవారం కూడా చేయండి, లేకపోతే మీ అంకె మొత్తం వీకెండు అంకె అయిపోతుంది.